గుర్తుపట్టని తండ్రిని చూడబోవడం

మన సొసైటీ తరఫున హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లోని వృద్ధాశ్రమాలకు వెళ్లివచ్చే మమ్మల్ని దాతలు, బంధువులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. నలుగురిలో అడగరు. జుమా నమాజు అయ్యాక పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. "మా అబ్బా ఆశ్రమంలో ఉన్నారు. మతి పూర్తిగా పోయింది. మేమెవరమో ఆయనకు తెలియదు. మేం వచ్చి వెళ్లిన సంగతి కూడా అరగంటకే మరచిపోతారు. ఇక మేం వెళ్లి ఏం లాభం?"

ఇది ప్రేమ లేనివారు అడిగే ప్రశ్న కాదు. వెళ్లిన ప్రతిసారీ గుండె బరువెక్కి తిరిగివచ్చేవారు అడిగే ప్రశ్న. అలా మెల్లగా వారానికోసారి వెళ్లేవారు నెలకోసారి, తర్వాత పండుగకోసారి వెళ్తారు. ఆ తండ్రికి మంచం, భోజనం, మందులు అన్నీ ఉంటాయి. పక్కన కూర్చునే తన మనిషి మాత్రం ఉండడు. అందుకే ఈ ఏడాది సంచికలో ఆ ప్రశ్నకు వివరంగా జవాబు రాయాలనుకున్నాం. మతిమరుపు జబ్బున్న పెద్దలను చూడబోవడం నేర్చుకోదగిన పని. పద్ధతి తెలిస్తే వెళ్లేవారి బరువు కొంత తగ్గుతుంది, అక్కడున్న వారికి మేలు జరుగుతుంది.

ఇది వయసుతో వచ్చే మరుపు కాదు

కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయసుతో వచ్చే మరుపు. కళ్లజోడు చేతికిచ్చినా అదెందుకో తెలియకపోవడం జబ్బు. డాక్టర్లు దీన్ని డిమెన్షియా అంటారు. దీనికి కారణమయ్యే వ్యాధుల్లో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో మొదటిసారి దీన్ని వివరించడంతో ఆయన పేరే దానికి నిలిచింది. మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా మరో ముఖ్యమైన రకం. బీపీ, షుగర్ అదుపులో లేనివారికి, పక్షవాతం వచ్చినవారికి దాని ముప్పు ఎక్కువ.

మన దేశంలో ఎంతమందికి ఈ జబ్బు ఉందో తెలుసుకోవడానికి రాష్ట్రాలవారీగా పెద్ద అధ్యయనం జరిగింది. దాని ఫలితాలు 2023లో వచ్చాయి. 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అది అంచనా వేసింది. ఆడవారిలో, పల్లెల్లో ఉండేవారిలో, చదువు తక్కువ ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపించింది. అంటే పెద్దలున్న పది, పన్నెండు ఇళ్లు తిరిగితే ఒక ఇంట్లోనైనా ఈ జబ్బు ఎదురయ్యే అవకాశం ఉంది. "ముసలితనం, చాదస్తం" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకోవడం వల్ల మనకు కనబడడం లేదు, అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మతిమరుపు మొదలైన ప్రతి ఒక్కరికీ డిమెన్షియా ఉన్నట్టు కాదు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ లోపం ఉన్నా, మనసు కుంగిపోయినా, కిందపడి తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టినా పైకి అలాగే కనబడవచ్చు. ఇవి వైద్యంతో చాలావరకు నయమవుతాయి. కాబట్టి ఆశ్రమంలో చేర్చేముందు ఒక్కసారైనా డాక్టరుకు చూపించాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మరింత లోతైన పరీక్షలు కావాలంటే హైదరాబాదులో నిమ్స్ ఉంది. అసలు డిమెన్షియాకు వాడే డొనెపెజిల్, మెమాంటిన్ వంటి మందులు కొందరిలో లక్షణాలను కొంతకాలం తగ్గిస్తాయి. జబ్బును వెనక్కి మాత్రం తిప్పలేవు. అలాంటి చోట మనుషుల తోడు, మంచి సేవ, క్రమమైన దినచర్య చాలా ముఖ్యమవుతాయి.

ఆశ్రమంలో చేర్చడం పాపమా?

మన సమాజంలో ఈ మాట అడగకముందే తీర్పు వస్తుంది. "కన్న తండ్రిని ఆశ్రమంలో పడేశాడు" అని. దివ్య ఖుర్ఆన్‌లో బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు మనందరికీ తెలుసు. వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రులపై విసుగును తెలిపే చిన్న మాట కూడా అనవద్దని, వారితో గౌరవంగా మాట్లాడాలని అది ఆదేశిస్తుంది. నహ్ల్ సూరా 70వ ఆయతు, అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే వయసు గురించి చెబుతుంది. ఆ స్థితి నుంచి దైవప్రవక్త (స) స్వయంగా అల్లాహ్ శరణు వేడేవారని హదీసుల్లో ఉంది. అంటే ఈ పరిస్థితి ఎంత కఠినమైనదో మన ధర్మం ముందే గుర్తించింది.

ఇంట్లో ఉంచుకుని సేవ చేయగలిగితే అంతకన్నా మంచిది లేదు. కానీ ఈ జబ్బు ముదిరాక రాత్రంతా నిద్రపోని మనిషిని, తలుపు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లే మనిషిని, బట్టలు మార్చబోతే కొట్టే మనిషిని చూసుకోవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండు గదుల ఇంట్లో కోడలు ఒక్కతే, పైగా ఆమెకే ఆరోగ్యం సరిగా లేకపోతే, కొడుకు దుబాయిలో ఉంటే, ఆ తండ్రికి ఇంట్లో జరిగే సేవ ఎలాంటిది? గదికి తాళం వేసి ఉంచిన ఇళ్లను మేం చూశాం. కసితో వేసిన తాళాలు కావవి, భయంతో వేసినవి. అలాంటప్పుడు శుభ్రమైన చోట, తెలిసిన మనుషుల చేతుల్లో ఉంచడం బాధ్యత తప్పించుకోవడం కాదు.

బాధ్యత తప్పించుకోవడం చేర్చిన తర్వాత వెళ్లకపోవడంలో ఉంది. ఆశ్రమం తిండి పెడుతుంది, స్నానం చేయిస్తుంది. కొడుకు పని, కూతురు పని ఆశ్రమం చేయలేదు. పదిహేను నిమిషాల్లో ఒకే మాట ఇరవైసార్లు అడిగే తండ్రి ఎదుట ఇరవయ్యోసారి కూడా విసుగు లేకుండా జవాబు చెప్పడం, ఆ ఆయతును ఆచరణలో పెట్టడం అదే. అది ఇంట్లో అయినా, ఆశ్రమంలో అయినా మనమే చేయాలి.

ఆయనకు గుర్తుండదు కదా, మరి ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మనం చూసినవి, విన్నవి కొత్త జ్ఞాపకాలుగా నిలవడానికి మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం కావాలి. అల్జీమర్స్ జబ్బు తొలిదశలోనే దాన్ని దెబ్బతీస్తుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని యాభై ఏళ్ల కిందటి ఆజంజాహీ మిల్లు సైరన్ గుర్తుంటుంది. అయితే సంతోషం, భయం, దుఃఖం వంటి భావాలు కలగడానికి మెదడులో వేరే దారులు ఉన్నాయి. జ్ఞాపకం చెదిరినా అవి పనిచేస్తుంటాయి.

దీని మీద అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ ఉన్న 17 మందికి కొన్ని విషాద దృశ్యాలు, వేరే సమయంలో కొన్ని సంతోష దృశ్యాలు చూపించారు. కాసేపటికే ఏం చూశారని అడిగితే చాలామంది దాదాపు ఏమీ చెప్పలేకపోయారు. కానీ ఆ దుఃఖం, ఆ సంతోషం మాత్రం అరగంట వరకు వారిలో నిలిచే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా తేలింది. ఎవరికి దృశ్యాలు తక్కువ గుర్తున్నాయో వారిలో దుఃఖం మరింత ఎక్కువసేపు నిలిచింది. ఎందుకు బాధగా ఉందో తెలియదు, బాధ మాత్రం ఉంది.

ఇది చిన్న అధ్యయనమే. అయినా ఆశ్రమాల్లో మేం చూసేది దానికి సరిపోతుంది. మీరు వెళ్లి, చేయి పట్టుకుని, నవ్వుతూ కూర్చుని వచ్చారనుకోండి. మీరు వచ్చిన సంగతి మీ అబ్బా మరచిపోవచ్చు. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం సరిగా తింటారు, ఆయా బట్టలు మారుస్తుంటే గొడవ చేయరు. అదే "మీకెన్నిసార్లు చెప్పాలి, నేను మీ కొడుకునే" అని గొంతు పెంచి వస్తే, ఆ మాట పోతుంది గాని ఆ గుబులు ఆయనతో ఉండిపోతుంది. సాయంత్రం ఆయన ఎందుకు ఏడుస్తున్నారో ఆశ్రమం వాళ్లకు అంతుపట్టదు.

కాబట్టి "గుర్తుపట్టారా లేదా" అన్నది మనం వెళ్లడానికి కొలమానం కాకూడదు. మనం లేచి వచ్చే సమయానికి ఆయన ముఖం నెమ్మదిగా ఉందా లేదా, అది చూడాలి.

ఎప్పుడు వెళ్లాలి, ఎంతసేపు ఉండాలి

ఈ జబ్బున్న చాలామందిలో అస్ర్ వేళ దాటిన తర్వాత, చీకటి పడుతున్న కొద్దీ కంగారు పెరుగుతుంది. ఉద్యోగాలు చేసేవారు సరిగ్గా ఆ వేళకే వెళ్తారు. వీలైతే ఆదివారం ఉదయం పది, పదకొండు గంటల మధ్య వెళ్లండి. స్నానం, నాష్తా అయిపోయి మనిషి తేటగా ఉంటారు.

రెండు గంటలు కూర్చోవాల్సిన పనిలేదు. అరగంట చాలు. నెలకోసారి పదిమంది కలిసి ఆటో దిగడం కన్నా, వారానికోసారి ఒకరిద్దరు వెళ్లడం మేలు. ఎక్కువమంది ఒకేసారి మాట్లాడితే ఆయన మెదడు ఆ గోలను విడదీసుకోలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వంతులు వేసుకోండి. పిల్లలను తీసుకెళ్లవచ్చు, కానీ ముందే చెప్పండి: "దాదాకు జబ్బు. నీ పేరు తప్పు పిలుస్తారు. నువ్వు సరిచేయకు, సలాం చెప్పి చేయి ఇవ్వు."

గదిలోకి వెళ్లేటప్పుడు వెనుక నుంచి భుజం మీద చేయి వేయకండి, ఉలిక్కిపడతారు. ఎదురుగా వెళ్లి, ఆయన కళ్ల ఎత్తుకు వంగి లేదా కూర్చుని, సలాం చెప్పండి. వెంటనే మీరెవరో మీరే చెప్పేయండి. "అస్సలాము అలైకుమ్ అబ్బా, నేను మీ చిన్నోణ్ణి, మండిబజార్ నుంచి వచ్చాను." మన బంధువుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. "నేనెవరో చెప్పండి చూద్దాం" అని పరీక్ష పెట్టడం. చెప్పలేక ఆయన పడే అవమానం మనకు అర్థం కాదు. చిన్న నవ్వు నవ్వి తల తిప్పుకుంటారు. ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగవద్దు.

ఏ భాషలో మాట్లాడాలి

మన వరంగల్ ముస్లిం ఇళ్లలో చాలాచోట్ల ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. కొన్ని ఇళ్లలో మొదటి నుంచి తెలుగే. ఈ రెండు భాషల బతుకు మనకు ఒక మేలు చేసిందని నిమ్స్ పరిశోధన చెబుతుంది. అప్పట్లో అక్కడ నాడీ వైద్యురాలిగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా వచ్చిన 648 మంది వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. తెలుగు, దక్కనీ వంటి భాషల్లో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని మాట్లాడేవారికి, ఒకే భాష వచ్చినవారి కన్నా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైందని తేలింది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది.

అయితే జబ్బు ముదిరాక, తర్వాత నేర్చుకున్న భాష చాలామందిలో ముందు జారిపోతుంది. నలభై ఏళ్లు తెలుగులో బేరం చేసిన మనిషి కూడా అమ్మ ఒడిలో నేర్చిన దక్కనీకి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆశ్రమంలోని ఆయా ఏదో పల్లె నుంచి వచ్చి ఉంటుంది. ఆయన "ఠండ్ లగ్‌రీ" అంటుంటే ఏదో గొణుగుతున్నారనుకుంటుంది. నిజానికి ఆయన చలివేస్తోంది, దుప్పటి ఇవ్వమంటున్నారు.

దీనికి ఖర్చు లేని మందు ఉంది. ఒక అట్ట మీద పెద్ద తెలుగు అక్షరాల్లో పది మాటలు రాసి మంచం దగ్గర తగిలించండి. పానీ అంటే నీళ్లు, భూక్ అంటే ఆకలి, దర్ద్ అంటే నొప్పి, ఠండ్ అంటే చలి, నీంద్ అంటే నిద్ర, పేశాబ్ అంటే మూత్రం, హౌ అంటే అవును, నక్కో అంటే వద్దు. దాని కింద ఆయన గురించి నాలుగు ముక్కలు: ఇంట్లో ఏమని పిలిచేవారు, ఏం పని చేసేవారు, ఏం తింటారు, దేనికి భయపడతారు. "పేషెంట్" అని పిలిపించుకునే మనిషి ఆ రోజు నుంచి మళ్లీ "కాజీపేట లోకోషెడ్‌లో పనిచేసిన బాబా" అవుతారు. చేసే చేతులకు కూడా గౌరవం పుడుతుంది.

"మీ అమ్మీ ఏది?" "ఇంటికెప్పుడు పోదాం?"

వెళ్లినవారిని ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్నలు ఇవి రెండే. అమ్మీ చనిపోయి ఆరేళ్లయి ఉండవచ్చు. "అమ్మీ చనిపోయింది కదా అబ్బా" అంటే ఆయనకు అది ఇప్పుడే విన్న వార్త. మళ్లీ మొదటిసారిలాగే ఏడుస్తారు. పది నిమిషాలకు మళ్లీ అడుగుతారు. అలాగని "బజారుకు వెళ్లింది, వస్తుంది" అని అబద్ధం చెప్పడానికి మన మనసు ఒప్పుకోదు.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది. ఆ ప్రశ్న వెనకున్న తలపును పట్టుకోవాలి. "అమ్మీ గుర్తొచ్చిందా అబ్బా? ఆమె చేసే ఖట్టీ దాల్ మీకెంత ఇష్టమో కదా. మీ పెళ్లి ఏ ఊళ్లో జరిగింది?" అని అడగండి. ఇందులో అబద్ధం లేదు, గాయమూ లేదు. ఆయనకు కావలసింది ఆమె గురించి మాట్లాడటం. చాలాసార్లు మాటలు అటు వెళ్లిపోతాయి. ఆయన గట్టిగా, పదేపదే నిజమే అడుగుతుంటే, చేయి పట్టుకుని మెత్తగా చెప్పి, ఆమె కోసం ఇద్దరూ కలిసి దుఆ చేయండి.

"ఇంటికి పోదాం" అన్న మాటా అంతే. మీరున్న ఇల్లే ఆయన అడుగుతున్నారని అనుకోకండి. ఆయన అడిగేది తండ్రీ తల్లీ ఉన్న చిన్నప్పటి ఇల్లు కావచ్చు, లేదా ఇక్కడ ఏదో ఇబ్బందిగా ఉందని చెప్పే తీరు కావచ్చు. ముందు మూత్రానికి వెళ్లాలా, ఆకలిగా ఉందా, ఎక్కడైనా నొప్పా అని చూడండి. తర్వాత "ఆ ఇంట్లో ఏముండేవి అబ్బా? బావి ఉండేదా?" అని అడగండి.

మాటలు కరువైనప్పుడు చేతులకు పని ఇవ్వండి. పాత ఫొటోలు, తస్బీహ్, ఆయన వాడిన టోపీ, ఇంటి అత్తరు సీసా తీసుకెళ్లండి. దర్జీగా బతికిన మనిషికి గుడ్డ ముక్కలు ఇస్తే వేళ్లు వాటంతటవే మడత పెడతాయి. కాజీపేట దర్గా ఉర్సు గురించి, రైళ్ల గురించి మొదలుపెడితే మాటలు దొరుకుతాయి. ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నా అది చూడబోవడమే. గోళ్లు తీయడం, కాళ్లకు నూనె రాయడం, గడ్డం దువ్వడం మాటలు లేని చోట చేసే మాటలు.

నమాజు, తిండి, సిగ్గు

చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన సూరాలు, రుకూ సజ్దాల అలవాటు చాలామందిలో చాలాకాలం నిలుస్తాయి. కొడుకు పేరు చెప్పలేని మనిషి ఫాతిహా అందుకోగానే చివరిదాకా చదవడం మేం విన్నాం. గోడ మీద ఖిబ్లా గుర్తు పెట్టించండి, ఒక జానమాజ్ ఇవ్వండి. రకాతులు తప్పితే సరిచేయకండి. బుద్ధి తప్పిన వారిపై నమాజు, రోజాల బాధ్యత ఉండదని ఉలమా చెబుతారు. ఫిద్యా వంటి వివరాలు మీ మస్జిద్ ఇమాం సాబును అడిగి తెలుసుకోండి. ఆయన చదివేది ఆయనకు ఊరట, దాన్ని అలాగే ఉండనివ్వండి.

తిండి తీసుకెళ్తే ముందు ఆశ్రమం వాళ్లకు చెప్పండి. జబ్బు ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. ఖర్జూరం గింజ తీసి, మెత్తగా నలిపి ఇవ్వాలి. షుగర్ ఉన్నవారికి ఈద్ రోజు షీర్ ఖుర్మా రెండు చెంచాలు చాలు. హలాల్ విషయం చేర్చేరోజే మర్యాదగా మాట్లాడుకోండి. మాంసం వండే వీలు లేని చోట పప్పు, గుడ్డు, పెరుగు సరిపోతాయి.

స్నానం దగ్గర గొడవ చేసేవారు చాలామంది ఉంటారు. అది మొండితనం అనుకోవద్దు. పరాయి ఆడమనిషి బట్టలు విప్పుతుంటే జీవితమంతా సత్‌ర్ పాటించిన మనిషి ఎదురుతిరుగుతాడు. మగ అటెండరు చేత చేయించమని, నడుముకు లుంగీ ఉంచే స్నానం చేయించమని అడగండి.

కళ్లు తెరిచి చూడండి

తరచూ మనుషులు వచ్చే మంచాన్ని ఎవరూ నిర్లక్ష్యం చేయరు. మీ రాక ఆయనకు కాపలా కూడా. వెళ్లినప్పుడల్లా కొన్నింటిని గమనించండి. బట్టలు వదులవుతున్నాయా, అంటే బరువు తగ్గుతున్నారా? నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా? అది పడక పుండుకు మొదలు. పెదవులు ఎండాయా? చేతులు కట్టిన గుర్తులున్నాయా? ఎప్పుడు వెళ్లినా మత్తుగా పడి ఉంటున్నారా? ఉంటే ఏ మందులు ఇస్తున్నారో అడగండి.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోతే, లేనివి కనబడుతున్నాయని అంటే, అది జబ్బు ముదరడం అని వదిలేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్త మందు పడకపోవడం కారణం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపిస్తే చాలావరకు కోలుకుంటారు.

అడిగే తీరు కూడా ముఖ్యం. ఆయాను అందరి ముందు నిలదీస్తే మన వెనుక ఆ కోపం ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. ముందు "మా అబ్బాను బాగా చూసుకుంటున్నావమ్మా" అని చెప్పి, తర్వాత అడగండి. తక్కువ జీతానికి రాత్రి పగలు పరాయి తండ్రి మలమూత్రాలు ఎత్తే మనిషి ఆమె. ఈద్‌కు మన పిల్లలకు బట్టలు కొనేటప్పుడు ఆమెకూ ఒక చీర గుర్తుంచుకుందాం.

లేచి వచ్చేటప్పుడు సంచి తగిలించుకుని, "వెళ్తున్నాం, వెళ్తున్నాం" అని పదిసార్లు చెప్పకండి. భోజనం వేళకో, అజాన్ వేళకో ముగించండి. ఆయన ధ్యాస పళ్లెం మీదికి మళ్లాక సలాం చెప్పి నెమ్మదిగా రండి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్ చేస్తారు. ఫోనులో కదిలే ముఖం కొందరిని కంగారు పెడుతుంది. పక్కన ఒక మనిషి కూర్చుని, ఫోను కళ్ల ఎదుట కదలకుండా పట్టుకుని, "మీ పెద్దోడు జెద్దా నుంచి" అని చెబుతుంటే ఐదు నిమిషాలు హాయిగా గడుస్తాయి. ఆ పక్కన కూర్చునే మనిషి ఎవరన్నదే సమస్య.

చట్టం ఏం చెబుతుంది

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం పోషించని పిల్లలపై తల్లిదండ్రులు ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం దానికుంది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. తమ సంరక్షణలో ఉన్న పెద్దలను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకొక ఆశ్రమమైనా ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. సలహా కోసం, నిర్లక్ష్యానికి గురవుతున్న పెద్దల గురించి చెప్పడానికి వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, కాల్ ఉచితం. చూసుకునేవారి మనసు అలసిపోతే మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది.

చట్టం డబ్బు ఇప్పించగలదు. వచ్చి కూర్చోమని ఎవరినీ ఆజ్ఞాపించలేదు.

దాతలు చేయగలిగింది

మతి చలించినవారి సేవకు దానం చేయడం మనకు కొత్త కాదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రి వక్ఫ్ ఆదాయంతో నడిచేది. పేద, ధనిక తేడా లేకుండా రోగులను చేర్చుకునేది. మతి చలించిన వారికి అక్కడ వేరుగా చోటు ఉండేది. ఆ దారిలో మనం చేయగలిగిన చిన్న పనులున్నాయి.

మొదటిది, చూడబోయేవారికి దారిఖర్చు. కూలికి వెళ్లే కొడుకు ఆదివారం పని మానుకుని, ఆటో ఛార్జీ పెట్టుకుని వెళ్లడం అంత సులువు కాదు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవారికి మరీ కష్టం. ఒక కుటుంబానికి నెలకు నాలుగు రాకపోకల ఖర్చు భరించడం ఒక దాతకు పెద్ద భారం కాదు.

రెండవది, పిల్లలు లేనివారికి, పిల్లలు దూరదేశాల్లో ఉన్నవారికి మనుషుల వంతు. ఒక్కో మహల్లా నుంచి ఇద్దరు యువకులు, మహిళల విభాగానికి ఇద్దరు మహిళలు, వారానికి అరగంట. పైన రాసిన పద్ధతులు వారికి ఒక పూటలో నేర్పవచ్చు. వీడియో కాల్ పట్టుకునే చేయి కూడా వారిదే అవుతుంది.

మూడవది, వస్తువులు. పెద్దల డైపర్లు, పడక పుండ్లు రాకుండా గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు. ఇచ్చేముందు ఆశ్రమాన్ని అడగండి. దుప్పట్లు గుట్టలుగా ఉన్న చోటికి మళ్లీ దుప్పట్లే వెళ్తుంటాయి.

నిధుల విషయంలో ఒక మాట. సొంత తల్లిదండ్రులకు జకాత్ చెల్లదు, వారి పోషణ పిల్లల బాధ్యతే. అర్హులైన ఇతర పేద వృద్ధుల ఖర్చుకు జకాత్ ఇవ్వవచ్చు. అందరూ వాడే పరికరాలకు, దారిఖర్చులకు, శిక్షణకు సదఖా, లిల్లాహ్ నిధిని కేటాయించండి. రసీదు రాయించుకునేటప్పుడు ఏ నిధికి ఇస్తున్నారో చెబితే మాకు పని సులువవుతుంది.

ఇది చదివేవారిలో కొందరి అబ్బా, అమ్మీ ఇప్పుడు ఏదో ఒక ఆశ్రమంలో మంచం మీద ఉండి ఉంటారు. వచ్చే ఆదివారం పొద్దున నాష్తా తర్వాత బయలుదేరండి. అత్తరు సీసా, ఒక పాత ఫొటో వెంట తీసుకెళ్లండి. గుర్తుపడితే అల్‌హందులిల్లాహ్. గుర్తుపట్టకపోతే మీ పేరు మీరే చెప్పి కూర్చోండి. వెళ్లడానికి వీలులేని స్థితిలో ఉంటే మాకు చెప్పండి, మీ తరఫున మేం వెళ్తాం.

చిన్నతనంలో మనల్ని ఓర్పుతో పెంచిన వారిపై అల్లాహ్ కరుణ చూపుగాక. వారి ఎదుట మన గొంతును మెత్తగా ఉంచుగాక. ఆమీన్.